మధ్యలో నిలబడేవారికి దుప్పట్లు

పెట్టెల మేస్త్రీ గారు మంగళవారం ఉదయం పోయారు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కాకినాడ సిస్టరమ్మ మా యార్డుకు ఫోను చేసి చెప్పింది. ఆ సమయానికి నేను లారీలోంచి దిగుతున్న ప్లైవుడ్ షీట్లు లెక్కపెడుతున్నాను. "తమ్ముడూ, మేస్త్రీ గారు ఇక లేరు. పొద్దున ఆరున్నరకి. నిన్న నీ గురించి అడిగారు" అంది. ఎందుకు అడిగారో ఆమెకు తెలియదు. నాకు తెలుసుననుకుంటాను, కానీ అదీ గట్టిగా చెప్పలేను. ఫోను పెట్టేసి వచ్చేసరికి షీట్ల లెక్క మరిచిపోయాను. మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టాను. రెండోసారి ఇంకో అంకె వచ్చింది. లారీ డ్రైవరు పఠాను, నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను.

మరునాడు ఆయనను ఇక్కడి దుబాయ్ మట్టిలోనే పెట్టాం. ఊళ్ళో భార్యకు ట్రంకాల్ దొరికేసరికి సాయంత్రమైంది. ఆమె మొదట అడిగింది, "మంచి చెక్కతోనే చేశారా అండి పెట్టె?" అని. చేశారని సిస్టరమ్మ చెప్పింది. ఆ తరువాతే ఆమె ఏడ్చిందట.

ఇక్కడి తెలుగువాళ్ళ కోసం ఈ సంచిక వేసేవాళ్ళు ఆయన గురించి నన్ను రాయమన్నారు. ఆయనతో ఎక్కువ రోజులు పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆయన ఊరివాళ్ళూ ఉన్నారు. నాది కరీంనగర్ వైపు, ఆయనది రాజోలు వైపు. కానీ ఒక సంగతి నాకు మాత్రమే తెలుసు కాబట్టి ఒప్పుకున్నాను.

నేను దుబాయ్ వచ్చిన కొత్తలో మా కంపెనీకి రేవు దగ్గర ఒక రేకుల షెడ్డు ఉండేది. ఓడల్లో వచ్చిన సరుకునూ, ఇక్కడి బజార్లో కొన్న సరుకునూ చెక్కపెట్టెల్లో సర్ది మళ్ళీ ఓడ ఎక్కించడం మా పని. పెట్టెలు చేయించేది మేస్త్రీ గారు. ఏ పెట్టెలో ఏముందో, ఎన్ని ఉన్నాయో, ఎంత తూకమో రాసేది నేను. ఆ కాగితాన్ని మేము పట్టీ అనేవాళ్ళం. పట్టీ ఓడతో పాటు వెళ్తుంది, అవతలి రేవులో పెట్టె విప్పి దానితో సరిచూసుకుంటారు. నేను చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు పట్టీల మీదే నేర్చుకున్నాను, అందుకే నాకు వస్తువుల పేర్లు బాగా వస్తాయి, మిగతా మాటలు అంతగా రావు.

మేస్త్రీ గారు మొదటిరోజే నన్ను ఆటపట్టించారు. "ఏవండీ లెక్కల బాబూ, మీ కరీంనగరంలో చేప దొరకదంట కదా. మరి లెక్కలెలా వచ్చాయండి?" అన్నారు. మా దిక్కు చెరువులు లేవా అని నేను ముక్కుసూటిగా జవాబిచ్చాను. షెడ్డంతా నవ్వింది. మరునాడు మధ్యాహ్నం నా టిఫిను గిన్నె మూత మీద నాలుగు వేయించిన నెత్తళ్ళ చేపలు పెట్టి వెళ్ళారు.

ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన నావలు చేసేవారు. చెక్కను చూసే పద్ధతి అక్కడిదే. ప్రతి పలకనూ మేకు కొట్టేముందు అరచేత్తో ఒకసారి నిమిరేవారు, బయటివైపూ, లోపలివైపూ. ముల్లు తగిలితే బరకకాగితం అడిగేవారు. సరుకు పెట్టెకు ఇంత నునుపు ఎందుకని కుర్ర వడ్రంగులు విసుక్కునేవాళ్ళు. "పెట్టె కట్టేవాడు విప్పేవాణ్ణి తలుచుకోవాలండి. ఆడి చేతికి గుచ్చుకుంటే ఆడు తిట్టేది మననే కదా" అనేవారు. విప్పేవాడు ఏ దేశంవాడో, వాడి తిట్లు మనమెప్పుడు తింటామో అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన మేకులు కొట్టే తీరు కూడా అంతే. చిన్న గడ్డపలుగుతో ఒకచోట ఎత్తితే మూత మొత్తం తేలికగా లేచేది.

భార్యకు ఉత్తరాలు రాసేవారు కాదు, క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు. టీ వేళ తప్ప ఖాళీ ఉండదు కనుక షెడ్డులోనే రికార్డు చేసేవారు. ఆమె తిరుగు క్యాసెట్టులో, మీ మాటలకన్నా సుత్తి దెబ్బలే ఎక్కువ వినిపిస్తున్నాయని గొణిగిందట. ఆయన దాన్ని మాకందరికీ వినిపించి మురిసిపోయారు.

ఇక అసలు సంగతి చెప్పాలి. నాకు ఇప్పటికీ అది పూర్తిగా అర్థం కాదు, అర్థమైనంత చెబుతాను.

ఒక ఎండాకాలం మా షెడ్డుకు కొత్త రకం పని వచ్చింది. ఆఫ్రికా తూర్పు వైపు ఒక దేశంలో రెండు వర్గాలు చాలా ఏళ్ళుగా కొట్టుకుని, చివరికి కాల్పులు ఆపుకున్నాయి. మళ్ళీ మొదలు కాకుండా పొరుగు దేశాల సైనికులు వచ్చి రెండు వర్గాల మధ్య నిలబడ్డారు. ఆ సైనికుల దగ్గర గుడారాలు లేవు, పొయ్యిలు లేవు. ఐరోపాలోని ఒక ప్రభుత్వం అవన్నీ తాను ఇస్తానంది. దుబాయ్‌లో వస్తువులు త్వరగా దొరుకుతాయి, ఓడలు దొరుకుతాయి కనుక ఇక్కడే కొని పంపింది. గుడారాలు, కిరోసిన్ పొయ్యిలు, నీళ్ళ ట్యాంకులు, ఉన్ని దుప్పట్లు.

ఆ ప్రభుత్వం తరఫున ఒక అధికారి షెడ్డుకు వచ్చేవాడు. ఎండకు ముక్కు ఎర్రబడిన సన్నటి మనిషి. పెట్టెలను చూసి మేస్త్రీ గారితో చేయి కలిపాడు. మేస్త్రీ గారు నన్ను పిలిచి, "వీళ్ళకీ ఆఫ్రికాకీ చుట్టరికం ఏంటో అడగండి బాబూ" అన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. అతను చాలాసేపు చెప్పాడు. శాంతి, భద్రత, ఓడల దారి, వ్యాపారం అన్న మాటలు నాకు అందాయి. అవి ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో అందలేదు. మేస్త్రీ గారితో, శాంతి కోసమట అని ఒక్క ముక్కలో చెప్పాను. సైనికులు యుద్ధం చేయరనీ, ఊరికే మధ్యలో నిలబడతారనీ చెప్పాను.

"మా లంకల్లో గట్టు తగువులొస్తే ఇడదియ్యడానికెళ్ళినోడికే రెండువైపులా దెబ్బలు తగిలేవండి. పాపం ఆళ్ళకి దుప్పటైనా మంచిది కప్పాలి" అన్నారు.

ఆఫ్రికాకు దుప్పట్లేమిటని నాకు అనుమానం. ఆఫ్రికా అంటే ఎండే కదా. దానికి జవాబు మా గేటు దగ్గరే దొరికింది. మా కాపలాదారు ఆ దేశంవాడే. ఇక్కడ కాపలాదారును నాతూర్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. సైట్లలో నేర్చుకున్న హిందీలో మాతో మాట్లాడేవాడు. అతని ఊరు కొండల మీద ఉందట, పొద్దున లేస్తే నోట్లోంచి పొగ వస్తుందట, పిల్లలు పొయ్యి చుట్టూ కోడిపిల్లల్లా ముడుచుకుంటారట. అతని భార్య, కొడుకు, నాలుగేళ్ళ కూతురు ఆ ఊళ్ళోనే ఉన్నారు. సైనికులు గుడారాలు వేయబోయేది ఆ ఊరి పక్కనే. ఈ పెట్టెలు తన ఇంటి వైపే వెళ్తున్నాయని అతనికి పండుగలా ఉండేది. లారీ గేటు దాటుతుంటే పెట్టె మీద అరచేయి వేసి సాగనంపేవాడు.

దుప్పట్లు నూట నలభై పెట్టెలు. అవి అవతలి రేవులో ఎన్నాళ్ళు పడుంటాయో తెలియదు, ఉన్నికి పురుగు పడుతుందని మేస్త్రీ గారికి దిగులు పట్టుకుంది. మన ఇళ్ళల్లో పెట్టెలోని పట్టుబట్టల మధ్య ఎండు వేపాకు వేస్తాం కదా, ఆయనకు అదే తోచింది. రేవు దారిలో మున్సిపాలిటీవాళ్ళు నాటిన వేపచెట్లున్నాయి. శుక్రవారం సెలవునాడు వెళ్ళి గోనెల్లో ఆకు కోసుకొచ్చారు. షెడ్డు కప్పు మీద ఆరబెట్టారు. పాత లుంగీలు చింపి చిన్న చిన్న మూటలు కట్టారు, పెట్టెకు నాలుగు. కుర్రాళ్ళు ఊరుకుంటారా, మేస్త్రీ గారు ఆఫ్రికాతో వేపాకు వ్యాపారం పెట్టారని ఒకటే గోల. ఆయన నవ్వుతూనే మూటలు కట్టారు.

మూతలు వేసేరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు.

"బాబూ, పట్టీలో ఇది కూడా రాయండి."

"ఏం రాయాలె మేస్త్రీ?"

"వేపాకండి. పెట్టెకి నాలుగు మూటలు."

"అది సరుకు కాదు గద. వాళ్ళు కొన్నది దుప్పట్లు. ఆకులకు లెక్కేంది?"

"లోపలున్నదంతా పైన రాసుండాలండి. తెలీని మూట కనబడితే ఇప్పేవాడు జడుసుకుంటాడు."

"తూకానికి కూడ రాదు మేస్త్రీ. నేను రాయ."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, "ఆయ్, మీ ఇష్టమండి" అని వెళ్ళిపోయారు.

అంకె ఉన్నదే రాస్తాను, లేనిది రాయను అనేది నా నియమమని అప్పుడు గట్టిగా అనుకున్నాను. నిజం అది కాదు. రాస్తే ముదీర్, అంటే మా మేనేజరు, ఇదేమిటని పిలిచి అడుగుతాడు. ఆకులు ఎందుకు పెట్టామో ఇంగ్లీషులో వివరించాలి. టైపిస్టు మలయాళీ పక్కనే ఉండి వింటాడు. నాకు మాటలు తడబడతాయి. అంతే కారణం. ఆ రోజు నా సొంత పద్దు పుస్తకంలో కూడా నూట నలభై పెట్టెలు, గాలి ఎక్కువ, అని మాత్రమే రాసుకున్నాను.

ఓడ వెళ్ళింది. మూడు వారాలకు టెలెక్స్ వచ్చింది. అవతలి రేవులో అధికారులు ఒక పెట్టె విప్పారు. మూటలు కనబడ్డాయి. పట్టీలో మూటల మాట లేదు. ఇంకోటి విప్పితే అందులోనూ నాలుగు. పట్టీలో లేని సరుకు ఉన్నందున మొత్తం ఆపేశారు. దుప్పట్లే కాదు, అదే ఓడలో వెళ్ళిన గుడారాలు కూడా.

నాతూర్ దగ్గర ఒక రేడియో ఉండేది. ఆ దేశం వార్తలు విని మాకు చెప్పేవాడు. ఒక వర్గంవాళ్ళు, బయటి ప్రభుత్వం మన నేల మీదికి విషపు ఆకులు పంపిందన్నారట. రెండో వర్గంవాళ్ళు అది చేతబడి అన్నారట. మొదటిరోజు నాతూర్ నవ్వుతూనే చెప్పాడు. వారం గడిచేసరికి నవ్వడం మానేశాడు. సైనికులు గోనెపట్టాలు కప్పుకుని పడుకుంటున్నారని ఊరినుంచి వచ్చిన ఎవరో చెప్పారట.

అప్పుడు ఆ అధికారి షెడ్డుకు వచ్చాడు. ఒక చేతిలో నా పట్టీ నకలు, రెండో చేతిలో ఒక లుంగీగుడ్డ మూట. ముదీర్ ముందు మమ్మల్ని నిలబెట్టాడు. గేటు దగ్గర నాతూర్ నిలబడి వింటున్నాడు. ఇవి ఎవరు పెట్టారని అడిగితే మేస్త్రీ గారు ముందుకు వచ్చారు. పట్టీ రాసినవాడికి తెలుసా అని అధికారి రెండో ప్రశ్న వేశాడు. అందరూ నా వైపు చూశారు. పట్టీ కింద నా పొడి అక్షరాలున్నాయి.

నేను నోరు తెరిచాను. నేను ఏమనబోయానో నాకు ఇప్పటికీ తెలియదు. ఈలోపే మేస్త్రీ గారు తన హిందీలో, "ఇస్ కో మాలూమ్ నహీ సాబ్. లిస్ట్ కే బాద్ మై డాలా" అన్నారు. పట్టీ రాశాక తానే వేశాననీ, నాకు తెలియదనీ.

అధికారి మూట విప్పి, ఆకును నలిపి వాసన చూశాడు. ఎందుకని అడిగాడు. ఈసారి నేనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది, పురుగు పట్టకుండా అని. అంత సులువైన వాక్యం. అతను తల ఊపి, ఇది మంచి ఆలోచనే అన్నాడు. ఆ తరువాత పట్టీనీ మూటనూ మార్చి మార్చి చూశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికీ తెలియనట్టుంది.

కంపెనీ చేతిలోంచి ఆ పని పోయింది. మేస్త్రీ గారిని పెట్టెల షెడ్డునుంచి తీసి, కట్టడాల దగ్గర కాంక్రీటుకు చెక్క బిగించే పనిలోకి, షార్జా సైటుకు పంపారు. జీతం తగ్గలేదు గానీ అది సిమెంటు దుమ్ములో పని. వెళ్ళేరోజు తన బరకకాగితాల కట్ట కుర్రాళ్ళకిచ్చి వెళ్ళారు. నా బల్ల దగ్గర ఆగి, "నెత్తళ్ళు ఎవరిస్తారండి మీకింక" అన్నారు. నేను తల ఎత్తలేదు.

రెండు నెలల తరువాత మధ్యలో నిలబడిన సైనికులు తమ దేశాలకు వెళ్ళిపోయారు. కాల్పులు మళ్ళీ మొదలయ్యాయి. నాతూర్ ఊరు మీదుగానే అవి సాగాయి. పదకొండు నెలలు అతనికి ఇంటినుంచి ఏ కబురూ లేదు. రేడియో చెవికి ఆనించుకుని కూర్చునేవాడు, గేటు తీయమని లారీ హారను కొట్టినా వినిపించేది కాదు. చివరికి సరిహద్దు అవతలి శిబిరంలో భార్యా కొడుకూ ఉన్నారని తెలిసింది. కూతురు దారిలో జ్వరంతో పోయింది.

ఆ మాట తెలిసిన శుక్రవారమే మేస్త్రీ గారు షార్జానుంచి వచ్చి నాతూర్ గదికి వెళ్ళారు. తోడుగా నన్ను పిలిచారు. కాసేపు నేల మీద కూర్చుని, నా ఆకుల వల్లే ఇదంతా జరిగిందేమో, నన్ను క్షమించు అని హిందీలో చెప్పారు. నాతూర్ ఆయన ముఖంలోకి చూశాడు.

"మీరు దుప్పటి పంపారు. తుపాకులు పంపినవాళ్ళెవరూ నా గదికి రాలేదు" అన్నాడు.

అది ఓదార్పో, కోపమో నాకు తెలియలేదు. మేస్త్రీ గారికీ తెలియలేదనుకుంటాను. బయటికి వచ్చాక బస్సు దాకా నడిచారు. నేను పక్కనే నడిచాను. ఆ గదిలో చెప్పవలసిన మాట నాది. చెప్పలేదు.

నిజంగా ఆ ఆకుల వల్లే జరిగిందా? నేను చాలామందిని అడిగాను. డబ్బు ఇచ్చే ప్రభుత్వం డబ్బు ఆపేసిందని పఠాను డ్రైవరు అన్నాడు. ఆ డబ్బిచ్చే దేశంలో ఎన్నికలొచ్చి మంత్రి మారాడని మలయాళీ టైపిస్టు పేపర్లో చదివాడు. పొరుగు సైనికులకే ఇంటికి పోవాలనిపించిందని ఇంకొకరన్నారు. ఆ అధికారిని అడుగుదామంటే అతను ఎప్పుడో బదిలీ అయ్యాడు. ఒక్కొక్కరు చెప్పింది ఒక్కో వరుసలో రాసుకున్నాను. కింద గీత గీసి కూడినా ఏ మొత్తమూ రాలేదు. ఒక దేశం శాంతి గుప్పెడు వేపాకు మీద ఆగిపోతుందా అని ఒకరోజు అనుకుంటాను. చలిలో వణికే మనిషి ఎన్నాళ్ళు మధ్యలో నిలబడతాడు అని మరుసటిరోజు అనుకుంటాను. రెండూ సబబుగానే కనబడతాయి.

మేస్త్రీ గారికి కారణాల మీద ఆసక్తి లేదు. ఆయన అడిగింది ఒక్కటే. "ఆ దుప్పట్లు ఆఖరికి ఎవరైనా కప్పుకున్నారా అండి? అది కనుక్కోండి, చాలు." కలిసిన ప్రతిసారీ అదే అడిగేవారు. నేను ఆ ప్రభుత్వానికి ఉత్తరం రాశాను. నాలుగు రోజులు కష్టపడి, డిక్షనరీ పెట్టుకుని, నూట నలభై పెట్టెల దుప్పట్లు చివరికి ఎక్కడికి చేరాయో దయచేసి తెలపండి అని రాశాను. వాళ్ళు మర్యాదస్తులు, జవాబు పంపారు. అచ్చువేసిన కాగితం. ఆఫ్రికాలో శాంతికీ భద్రతకూ తమ ప్రభుత్వం మద్దతు ఇస్తూనే ఉంటుందనీ, మీ ఆసక్తికి కృతజ్ఞతలనీ ఉంది. నేను షార్జా వెళ్ళి ఆయన క్యాంపులో మంచం మీద కూర్చుని తెలుగులో చదివి వినిపించాను. ఆయన చివరిదాకా శ్రద్ధగా విన్నారు.

"బావుందండి. మరి దుప్పట్ల సంగతి?"

"రాయలేదు మేస్త్రీ."

"పేజీడు రాసి, ఆ ఒక్క ముక్కా రాయలేదా అండి?"

నాకు నా పట్టీయే గుర్తొచ్చింది. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు, కాగితాన్ని వెలుతురుకు పెట్టి రెండువైపులా చూస్తున్నారు. అయినా ఆ రోజు అడిగేశాను. "నాకు తెల్వదని ఎందుకు చెప్పినవ్ మేస్త్రీ? రాయమని నువ్వు చెప్పినవ్ గద" అన్నాను. ఏళ్ళ తరువాత నోట్లోంచి వచ్చింది.

ఆయన కాగితం మడతపెట్టి నా చేతికిచ్చారు. "మీరు రాతతో బతికేవారండి. రాత తప్పని పేరు పడితే ఇంకెవడూ పని ఇవ్వడు. నాకు చేతులున్నాయి, ఎక్కడైనా మేకు కొట్టుకుంటాను" అన్నారు. "కానీ ఆ నాతూర్‌తో అబద్ధం ఆడేశానండి. అదొక్కటే బాలేదు" అన్నారు. నేను చెబుతానన్నాను. "చెప్పండి, మీకు వీలైనప్పుడు" అన్నారు. తొందరపెట్టలేదు. ఆ తరువాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దుప్పట్ల సంగతి మాత్రం అడిగేవారు.

ఆ మాటన్నాక కూడా నాకు మూడేళ్ళు వీలు కాలేదు. నాతూర్ రోజూ గేటు దగ్గర ఉంటాడు. రోజూ సలాం చెప్పుకుంటాం. ఈ మధ్యలో మేస్త్రీ గారికి ఆయాసం మొదలైంది. సిమెంటు దుమ్మే కారణమని సిస్టరమ్మ అంటుంది, కాదు బీడీలని డాక్టరు అన్నాడట. చూడండి, ఇదీ తేలలేదు. చివరిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆయన నిద్రలో ఉన్నారు. అరచేయి మంచం పట్టె మీద అటూ ఇటూ కదులుతోంది. లేపలేదు. సోమవారం నన్ను అడిగారంటే దుప్పట్ల కబురు కోసమో, ఇంకో మాట కోసమో.

ఆయన పోయాక వచ్చిన శుక్రవారం దేరా పేటలో సిస్టరమ్మ ఫ్లాటులో ప్రార్థన పెట్టారు. ఆమెతో ఉండే నర్సులు, గోదావరి జిల్లాలనుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు, షార్జా సైటునుంచి వడ్రంగులు వచ్చారు. నాతూర్ కూడా వచ్చాడు. ముస్లిం కనుక లోపలి ప్రార్థనకు ఇబ్బంది అనుకున్నాడో ఏమో, తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, మేస్త్రీ గారి గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను లేచి నిలబడ్డాను. అందరూ ఆశ్చర్యంగా చూశారు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకులు రాయమని ఆయన చెప్పారనీ, నేను రాయనన్నాననీ, తప్పు నాదైతే ఆయన తన మీద వేసుకున్నారనీ. చెప్పి కూర్చున్నాక ఎవరేమంటారో అని ఎదురుచూశాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుని, "ఎంత మంచి మనిషండి" అంది. వడ్రంగుల్లో పెద్దాయన నా భుజం మీద చేయి వేసి, "ఆయన అంతే తమ్ముడూ, అందరికీ అలాగే చేసేవాడు" అన్నాడు. టీ వచ్చింది. నేను నా తప్పు చెప్పాను, వాళ్ళు ఆయన మంచితనం విన్నారు. వాళ్ళను అనడానికి లేదు, అదీ నిజమే.

తెలుగు రానివాడు ఒక్క నాతూరే. మెట్లు దిగుతుంటే నన్ను అందుకుని, నువ్వేదో చెప్పావు, అందరూ నీ వైపు తిరిగారు, ఏం చెప్పావని అడిగాడు. ఊరి మధ్యలో క్రీక్ అనే సముద్రపు పాయ ఉంది, అతను దాని అవతలి ఒడ్డున బర్‌దుబాయ్‌లో ఉంటాడు. క్రీక్ దాకా ఇద్దరం కలిసి నడిచాం. సెలవునాడు సాయంత్రం, బజారంతా జనం. ఆ జనంలో, నాకు వచ్చిన హిందీలో మళ్ళీ మొదటినుంచి చెప్పాను. హిందీలో చెబితే చాలా చిన్నదైపోయింది. మేస్త్రీ రాయమన్నాడు, నేను రాయలేదు. అంతే.

నాతూర్ ఆగిపోయాడు. "తుమ్ నై లిఖా?" అన్నాడు.

"నై లిఖా" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. నా కాళ్ళ వైపు చూస్తున్నట్టుగా ఉన్నాడు. నేను ఇంకా చెప్పబోయాను. పఠాను చెప్పింది, ఎన్నికల సంగతి, ఆ ఉత్తరం. చెబితే తప్పించుకుంటున్నట్టు ఉంటుందనిపించి ఆగాను. అతను ఏదో అరబ్బీలో మెల్లగా అనుకున్నాడు, నాకు అర్థం కాలేదు. తరువాత మెట్లు దిగి, ఒడ్డు దాటించే అబ్రా పడవలోకి అడుగు పెట్టి, అంచు బల్ల మీద కూర్చున్నాడు.

పడవ నిండుతోంది. కూరగాయల సంచులతో ఇద్దరు ఎక్కారు. ఒక ఇరానీ ముసలాయన ఎక్కాడు. నాతూర్ తన పక్కన బల్ల మీద అరచేయి ఆనించి ఉన్నాడు, ఎవరూ అక్కడ కూర్చోలేదు. ఆ చోటు నాకోసం ఆపాడో, పడవ ఊగుతుంటే ఊరికే పట్టుకున్నాడో నాకు తెలియలేదు. పడవ నడిపే సరంగు నా వైపు చూసి, త్వరగా ఎక్కమని "యల్లా, యల్లా" అన్నాడు. ఒక మెట్టు దిగాను. మోటారు మోగింది, తాడు నీళ్ళలో పడింది. పడవ క్రీక్ మధ్యకు వెళ్ళేదాకా ఆ మెట్టు మీదే నిలబడి చూశాను. అతని చేయి ఆ ఖాళీ చోటు మీద అలాగే ఉంది.